అతిసార రోగుల్లో పేగు పరాన్నజీవులు

ఒక రోజులో మూడు లేదా అంతకు మించి పలుచని విరేచనాలు కావడాన్ని అతిసారమనీ, అది పధ్నాలుగు రోజులు గానీ అంతకన్నా ఎక్కువ కాలం గానీ సాగితే మొండి అతిసారమనీ, మలంలో రక్తం కనిపిస్తే రక్త విరేచనాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ విభజించి చూస్తుంది. పేగుల్లో నివసించే పరాన్నజీవుల విషయంలో ఈ విభజన ఎంతో అక్కరకు వస్తుంది. హఠాత్తుగా మొదలై కొద్ది రోజుల్లోనే సర్దుకునే నీళ్ల విరేచనాలకు ఎక్కువగా వైరసులో బ్యాక్టీరియాలో కారణం కాగా, విరేచనాలు రెండు వారాలు దాటి సాగేకొద్దీ పరాన్నజీవుల వాటా పెరుగుతూ వస్తుంది, రోగనిరోధక శక్తి కుంగిన వారిలో ఆ వాటా ఇంకా ఎక్కువవుతుంది. పసిపిల్లల్లో తీవ్రమైన నీళ్ల విరేచనాలకు చిరకాలం ప్రధాన కారణంగా నిలిచిన రోటా వైరస్‌కు 2016లో జాతీయ టీకాల కార్యక్రమంలో టీకా వేయడం మొదలైనప్పుడు తొలి విడతలో చేరిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ టీకాను తయారు చేసినది హైదరాబాద్ సంస్థ భారత్ బయోటెక్. పేగు పరాన్నజీవుల్లో దేనికీ మనుషులకు వాడదగిన టీకా ఇంతవరకు అందుబాటులోకి రాలేదు కనుక వాటిని అడ్డుకునే భారమంతా శుభ్రమైన నీటి మీద, పారిశుద్ధ్యం మీద, సరైన రోగనిర్ణయం మీద పడుతున్నది.

వీటిలో అన్నిటికన్నా చిక్కైనది రోగనిర్ణయమే. మలంలో కనిపించిన ప్రతి పరాన్నజీవీ ఆ రోగి విరేచనాలకు కారణం కాదు. నిజంగా కారణమైన పరాన్నజీవి మామూలు మలపరీక్షలో ప్రతిసారీ కనిపించదు. మొదటి పొరపాటు వల్ల అక్కర్లేని మందులు రోగి కడుపులోకి వెళతాయి, రెండో పొరపాటు వల్ల అవసరమైన మందు అందకుండా పోతుంది. భారతదేశంలో ఈ రెండు పొరపాట్లూ పక్కపక్కనే జరుగుతున్నాయి.

పేగు పరాన్నజీవులను స్థూలంగా ఏకకణ జీవులు, పురుగులు అని రెండు తెగలుగా చూడవచ్చు. ఏకకణ జీవులు మనిషి పేగులోనే విభజన చెంది లక్షలుగా పెరుగుతాయి గనుక అవి అతి కొద్ది సంఖ్యలో నోట్లోకి వెళ్లినా వ్యాధి రావచ్చు. 1954లో ప్రచురితమైన అమెరికా ప్రయోగాల్లో, స్వచ్ఛందంగా ఒప్పుకున్న ఖైదీలకు లెక్కపెట్టి మింగించినప్పుడు, 10 నుంచి 25 జియార్డియా కోశాలే సోకడానికి సరిపోయినట్టు తేలింది. చెరలో ఉన్నవారి సమ్మతిని నిజమైన సమ్మతిగా లెక్కించని నేటి పరిశోధనా నీతి అటువంటి ప్రయోగాన్ని అనుమతించదు గానీ ఆ అంకె మాత్రం నేటికీ పాఠ్యగ్రంథాల్లో ప్రమాణంగా నిలిచి ఉంది. కోశం అంటే శరీరం బయట తట్టుకోవడానికి గట్టి పొర చుట్టుకున్న నిద్రాణ దశ. అది నీటితోనో ఆహారంతోనో లోపలికి చేరిన తరువాత జీర్ణరసాల ప్రభావంతో పొర విడిపోయి, కదులుతూ ఆహారం తీసుకుంటూ విభజన చెందే చలన దశ బయటికి వస్తుంది. వ్యాధి కలిగించేది చలన దశ, ఒకరి నుంచి మరొకరికి వ్యాధిని మోసేది కోశ దశ. పురుగుల తీరు వేరు. ఒకటి రెండు మినహాయింపులను పక్కన పెడితే అవి మనిషి శరీరంలో సంఖ్యలో పెరగవు, ఎన్ని గుడ్లో పిల్లపురుగులో లోపలికి చేరితే దాదాపు అన్ని పురుగులే ఉంటాయి, అందుచేత కొద్ది పురుగులున్న వారికి ఏ బాధా తెలియకపోవడం సాధారణం.

జియార్డియా

సూక్ష్మదర్శిని కింద మానవజాతి మొట్టమొదట చూసిన పేగు పరాన్నజీవి బహుశా ఇదే. 1681లో డచ్ దేశస్థుడు ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్ తనకు విరేచనాలు అవుతుండగా తన మలాన్నే తన సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందులో చురుకుగా కదిలే అతి చిన్న జీవులను వర్ణించాడు. ఆ వర్ణన జియార్డియాదేనని తరువాతి శాస్త్రవేత్తలు భావించారు. 1859లో ప్రాగ్ నగరంలో విల్హెల్మ్ లాంబ్ల్ అనే వైద్యుడు పిల్లల మలంలో దాన్ని గుర్తించి బొమ్మ గీసి వివరించాడు. చలన దశలో అది సగానికి కోసిన పేరుపండు ఆకారంలో, రెండు కేంద్రకాలతో, నాలుగు జతల కశాభాలతో, అంటే కొరడా వంటి కదలిక అవయవాలతో, ఉంటుంది. తడి స్లైడుపై అది రాలుతున్న ఆకులా దొర్లుతూ కదలడం చూసి అనుభవజ్ఞులైన ప్రయోగశాల సిబ్బంది వెంటనే పోల్చుకుంటారు.

జియార్డియా పేగు గోడను చీల్చుకుని లోపలికి పోదు, రక్త విరేచనాలూ కలిగించదు. అది తన అడుగున ఉన్న పళ్లెం వంటి అవయవంతో చిన్నపేగు పైభాగపు గోడను పట్టుకుని ఉంటుంది, ఆ భాగంలో ఆహారాన్ని పీల్చుకునే చూషకాలు పొట్టివై వాటి పని మందగిస్తుంది. కొవ్వు, పాలలోని చక్కెర సరిగా జీర్ణం కాక కడుపు ఉబ్బరం, దుర్వాసన గల జిడ్డు విరేచనాలు, త్రేన్పులు, నీరసం, బరువు తగ్గడం వంటి లక్షణాలు వారాల తరబడి ఉంటాయి. తగ్గిన తరువాత కూడా కొంతకాలం పాలు పడకపోవడం ఇందువల్లనే. వ్యాధి తిరగబెట్టిందని భ్రమపడి మళ్లీ మందు వాడటానికి ఇదొక సాధారణ కారణం.

అయితే జియార్డియా కనిపించిందంటే విరేచనాలకు అదే కారణమని తీర్మానించడం కుదరదన్న సంగతి పెద్ద అధ్యయనాల వల్ల స్పష్టమైంది. ఆఫ్రికా, దక్షిణాసియాల్లో ఏడు కేంద్రాల్లో, అందులో కలకత్తా ఒకటిగా, 2007 నుంచి 2011 వరకు జరిగిన గ్లోబల్ ఎంటెరిక్ మల్టీసెంటర్ స్టడీ అయిదేళ్ల లోపు పిల్లల్లో తీవ్ర అతిసారంతో వచ్చినవారిని, అదే పరిసరాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లలతో పోల్చి చూసింది. వ్యాధిగ్రస్తుల్లో ఎంతగా కనిపించిందో ఆరోగ్యవంతుల్లో కూడా అంతగానో అంతకన్నా ఎక్కువగానో జియార్డియా కనిపించింది. తమిళనాడులోని వెల్లూరు కూడా ఒక కేంద్రంగా ఎనిమిది దేశాల్లో పసిపిల్లలను పుట్టుక నుంచి వెన్నంటి చూసిన మాల్-ఎడ్ అధ్యయనం మరొక కోణాన్ని చూపింది: తొలి నెలల్లోనే జియార్డియా సోకి పేగులో తిష్ఠ వేసిన పిల్లలు విరేచనాలు లేకపోయినా రెండేళ్ల నాటికి ఎత్తు తక్కువగా ఉన్నారు. పేద వాడల్లో పుట్టిన పిల్లలకు ఈ జీవి చేసే హాని విరేచనాల లెక్కలో కాక ఎదుగుదలలో కనిపిస్తుందన్నమాట.

అమీబా వ్యాధి: ఎక్కువగా చెప్పేది, తక్కువగా ఉండేది

1875లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఫెదోర్ లోష్ అనే వైద్యుడు దీర్ఘకాలం రక్త విరేచనాలతో బాధపడిన ఒక రైతు మలంలో ఎర్రకణాలను మింగి ఉన్న అమీబాలను కనుగొన్నాడు. 1903లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ షాడిన్ దానికి ఎంటమీబా హిస్టోలిటికా అని పేరు పెట్టాడు. 1912లో కలకత్తాలో పనిచేస్తున్న లియొనార్డ్ రోజర్స్ ఇపెకాక్ వేరు నుంచి తీసిన ఎమెటిన్‌ను ఇంజక్షన్‌గా ఇచ్చి అమీబా విరేచనాలను నయం చేయవచ్చునని చూపాడు. గుండెకు హాని చేసే ఆ మందును తరువాతి దశాబ్దాల్లో మెట్రొనిడజోల్ పక్కకు నెట్టింది.

హిస్టోలిటికా పెద్దపేగు పొర కణాలను ఒక రకం ప్రోటీన్‌తో పట్టుకుని చంపి, పైన ఇరుకుగా లోపల వెడల్పుగా ఉండే పుండ్లను కలిగిస్తుంది. రక్తం, జిగురు కలిసిన విరేచనాలు నెమ్మదిగా మొదలై రోజుల తరబడి సాగడం, జ్వరం అంతగా లేకపోవడం దీని సాధారణ రూపం. షిగెల్లా బ్యాక్టీరియా వల్ల వచ్చే జిగట విరేచనాలు అలా కాక జ్వరంతో, నొప్పితో ఒక్కసారిగా విరుచుకుపడతాయి. కొందరిలో అమీబా రక్తనాళాల ద్వారా కాలేయానికి చేరి చీముగడ్డను కలిగిస్తుంది. ఇది పిల్లల్లో కన్నా నడివయసు పురుషుల్లో ఎన్నో రెట్లు ఎక్కువ. కల్లు తాగేవారిలో దీనిని తరచుగా చూస్తున్నట్టు దక్షిణ భారతంలోనూ ఉత్తర శ్రీలంకలోనూ వైద్యులు గమనించారు. కాలేయపు గడ్డతో వచ్చిన రోగుల్లో చాలామందికి ఆ సమయంలో విరేచనాలు ఉండవు, వారి మలంలో అమీబా కనిపించకపోవడం కూడా మామూలే, కాబట్టి మలపరీక్ష శుభ్రంగా ఉందని కాలేయపు గడ్డను కొట్టిపారేయరాదు.

దాదాపు వందేళ్లపాటు వైద్యులను తికమక పెట్టిన విషయం ఒకటుంది. మలంలో అమీబా కోశాలున్న వారిలో అత్యధికులకు ఏ వ్యాధీ ఎందుకు లేదు? కోశాలు మోసేవారిలో వ్యాధి కలిగించని మరో జాతి ఉందని ఫ్రాన్స్‌కు చెందిన ఎమిల్ బ్రుంప్ట్ 1925లోనే ప్రతిపాదించినా, రెండూ సూక్ష్మదర్శిని కింద ఒకేలా ఉండటంతో ఆ మాటను ఎక్కువమంది ఒప్పుకోలేదు. 1993లో లూయిస్ డైమండ్, గ్రాహం క్లార్క్ జీవరసాయన, జన్యు ఆధారాలతో ఎంటమీబా డిస్పార్ అనే నిరపాయకర జాతిని వేరుచేసి చూపాకనే బ్రుంప్ట్ చెప్పింది నిజమని తేలింది. లోకంలో అమీబా కోశాలు మోస్తున్నవారిలో చాలా ఎక్కువమంది మోస్తున్నది డిస్పార్‌నే. ఈ తీర్పు తరువాత పాత లెక్కలన్నిటినీ తిరిగి చూసుకోవలసి వచ్చింది, ఎందుకంటే 1993కు ముందు సూక్ష్మదర్శినితో మాత్రమే చేసిన సర్వేల్లో అమీబా వ్యాధిగా నమోదైన వాటిలో అధిక భాగం వ్యాధే కాదు.

ఇంత జరిగినా మన ప్రయోగశాలల నివేదికల్లో నాలుగు కేంద్రకాల కోశం కనిపించగానే హిస్టోలిటికా అని రాయడం మానలేదు. అంతకన్నా పెద్ద పొరపాటు, మలంలోని చీముకణాలనూ పెద్ద తెల్లకణాలనూ అమీబాలుగా పొరబడటం. సూక్ష్మదర్శినితో హిస్టోలిటికాను నమ్మకంగా చెప్పగలిగేది ఒకే ఒక సందర్భంలో: తాజా మలంలో కదులుతున్న అమీబా లోపల ఎర్రకణాలు స్పష్టంగా కనిపించినప్పుడు. మిగిలిన సందర్భాల్లో ప్రత్యేకమైన యాంటిజెన్ పరీక్షో, పీసీఆర్ అనే జన్యుపరీక్షో కావాలి. జీర్ణం సరిగా కాని ప్రతి మనిషికీ అమీబియాసిస్ ఉందని చెప్పి సంవత్సరాల తరబడి మెట్రొనిడజోల్ మాత్రలు వాడించే అలవాటు వైద్యశాస్త్రం సమర్థించేది కాదు.

క్రిప్టోస్పోరిడియం, దాని సోదర జీవులు

అమీబాను లేనిచోట కూడా చూస్తున్న ప్రయోగశాలలే, ఉన్నచోట కూడా చూడలేకపోతున్న పరాన్నజీవి క్రిప్టోస్పోరిడియం. 1907లో అమెరికా శాస్త్రవేత్త ఎర్నెస్ట్ టైజర్ ఎలుకల కడుపులో దీన్ని కనుగొన్నాక సుమారు డెబ్బయి ఏళ్లపాటు ఇది పశువైద్యుల ఆసక్తికే పరిమితమైంది. మనిషిలో మొదటి కేసులు 1976లో వెలువడ్డాయి. 1980లలో ఎయిడ్స్ రోగులు రోజుకు లీటర్ల కొద్దీ నీళ్ల విరేచనాలతో కృశించిపోవడం చూశాక గానీ దీని ప్రాముఖ్యం తెలియలేదు. 1993 వసంతంలో అమెరికాలోని మిల్వాకీ నగరంలో మిషిగన్ సరస్సు నీటిని శుద్ధి చేసే రెండు కేంద్రాల్లో ఒకదాని వడపోత సరిగా పనిచేయకపోవడంతో సుమారు 4,03,000 మందికి ఈ జీవి వల్ల విరేచనాలు పట్టుకున్నాయని అంచనా. నీటి ద్వారా వ్యాపించి నమోదైన వ్యాధుల్లో అమెరికాలో ఇంతకన్నా పెద్దది లేదు. ఆ నీటిలో క్లోరిన్ కలిపే ఉంది. ఈ జీవి అండకోశం, అంటే వ్యాధిని మోసే గట్టి దశ, వ్యాసం 4 నుంచి 6 మైక్రోమీటర్లు మాత్రమే అయినా మామూలు మోతాదు క్లోరిన్‌ను రోజుల తరబడి తట్టుకుంటుంది. నీటిని కళపెళ మరిగిస్తే నిమిషంలో చస్తుంది.

ఇది పేగు కణం లోపలికి చేరుతుంది గానీ కణద్రవంలోకి పోకుండా పైపొర కింద ఒక సంచిలో ఉండి పెరుగుతుంది. అది తయారు చేసే అండకోశాల్లో కొన్ని పలుచని గోడతో పేగులోనే పగిలి అదే మనిషికి మళ్లీ సోకుతాయి. రోగనిరోధక శక్తి బాగున్న పెద్దవారిలో రెండు వారాలు అటూఇటూగా వ్యాధి దానంతటదే తగ్గిపోతుంది. హెచ్ఐవీ సోకినవారిలో సీడీ4 అనే రక్షక తెల్లకణాలు మైక్రోలీటరు రక్తంలో 200 కన్నా తగ్గిపోయినప్పుడు గానీ, అవయవ మార్పిడి తరువాత నిరోధక శక్తిని అణచే మందులు వాడేవారిలో గానీ ఈ పునఃసంక్రమణ ఆగదు. ముందు చెప్పిన ఏడు కేంద్రాల అధ్యయనం మరొక ఆశ్చర్యకరమైన సంగతి బయటపెట్టింది: ఏడాది లోపు పిల్లల తీవ్ర అతిసారంలో రోటా వైరస్ తరువాతి స్థానం క్రిప్టోస్పోరిడియానిదే. అంతవరకు ఎయిడ్స్ రోగుల జబ్బుగా పేరుపడినది పాలు తాగే పసివాళ్ల జబ్బు కూడా అని ఆ విధంగా స్థిరపడింది. పోషకాహార లోపం ఉన్న పిల్లల్లో ఇది మొండి అతిసారంగా మారి, అది ఆ లోపాన్ని మరింత పెంచుతుంది.

ఇదే కోవకు చెందిన మరో రెండు జీవులు సిస్టోఐసోస్పోరా బెల్లీ, సైక్లోస్పోరా కయెటనెన్సిస్. మొదటిది కొనలు కుంచించుకున్న కోడిగుడ్డు ఆకారంలో 20 నుంచి 30 మైక్రోమీటర్ల పొడవుండి, భారతదేశంలో హెచ్ఐవీ రోగుల దీర్ఘకాలిక విరేచనాలలో తరచుగా బయటపడుతుంది. పరాన్నజీవులు సోకినప్పుడు పెరిగే ఇసినోఫిల్ అనే తెల్లకణాలు ఏకకణ జీవుల విషయంలో సాధారణంగా పెరగవు గానీ, దీని విషయంలో పెరగవచ్చు. రెండోదానికి పెరూ రాజధాని లీమాలోని కయెటానో హెరెడియా విశ్వవిద్యాలయం నుంచి పేరు వచ్చింది. 1996లో ఉత్తర అమెరికాలో వెయ్యి మందికి పైగా దీని బారిన పడినప్పుడు గ్వాటెమాలా నుంచి దిగుమతైన రాస్ప్‌బెరీ పండ్ల వద్దకు ఆనవాళ్లు దారి తీశాయి. మలంతో బయటపడిన సైక్లోస్పోరాకు పరిపక్వం కావడానికి కొన్ని రోజులు పడుతుంది, కాబట్టి రోగిని తాకినంత మాత్రాన మరొకరికి సోకదు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు వేసవిలో వారాల తరబడి తగ్గని విరేచనాలతో వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు ఈ పరీక్షను పేరు పెట్టి అడగవలసి ఉంటుంది, ఎందుకంటే అక్కడ కూడా మామూలు మలపరీక్షలో దీన్ని వెతకరు.

మైక్రోస్పోరిడియాను ఇప్పుడు శిలీంధ్రాల దగ్గరి బంధువులుగా వర్గీకరిస్తున్నా పరాన్నజీవుల గ్రంథాల్లో వాటి చోటు మారలేదు. ఎంటెరోసైటోజూన్ బైనూసి అనే జాతిని 1985లో ఒక ఎయిడ్స్ రోగిలో గుర్తించారు. వీటి బీజాలు బ్యాక్టీరియా అంత చిన్నవి. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ పరిశోధకులు నల్లగుడ్డు వాపుకు కారణమైన మైక్రోస్పోరిడియా గురించి విస్తృతంగా రాశారు గనుక తెలుగునాట ఈ జీవులు పేగు వైద్యుల కన్నా కంటి వైద్యులకే బాగా పరిచయం.

బ్లాస్టోసిస్టిస్ అనే జీవి మలపరీక్షల్లో విరివిగా కనిపిస్తుంది. అది వ్యాధికారకమా కాదా అన్న వివాదం తెగలేదు. వేరే కారణమేదీ దొరకనప్పుడు తప్ప దానికి చికిత్స చేయడం మంచిది కాదన్నదే ఎక్కువమంది అభిప్రాయం. పందుల నుంచి సోకే బాలాంటిడియం మనిషిలో నివసించే ఏకకణ పరాన్నజీవుల్లో అతి పెద్దది, శైలికలతో కదిలేది అదొక్కటే. రక్త విరేచనాలు కలిగించగలదు గానీ అరుదు.

పురుగుల పాత్ర

ఏలికపాములూ కొంకిపురుగులూ ఉన్న పిల్లవాడికి విరేచనాలు పట్టుకుంటే నేరం పురుగుల మీద మోపడం జనంలో ఉన్న అలవాటు. నిజానికి ఏలికపాములు అతిసారాన్ని కలిగించడం తక్కువ, అవి ఎక్కువైతే పేగును అడ్డగిస్తాయి. కొంకిపురుగుల ప్రధాన హాని రక్తహీనత. విరేచనాలకు నేరుగా బాధ్యత వహించే పురుగులు వేరు. కొరడాపురుగులు వందల్లో పట్టినప్పుడు జిగురు, రక్తం కలిసిన విరేచనాలు నెలల తరబడి సాగి, ముక్కి ముక్కి పిల్లలకు ఆసనం జారుతుంది.

వీటన్నిటిలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది స్ట్రాంజిలాయిడిస్ స్టెర్కొరాలిస్. 1876లో ఫ్రాన్స్‌లోని తూలాన్ రేవుకు, నేటి దక్షిణ వియత్నాం అయిన కొచ్చిన్ చైనా నుంచి తిరిగివచ్చిన సైనికులు ఆగని విరేచనాలతో చేరినప్పుడు లూయీ నార్మాన్ అనే నౌకాదళ వైద్యుడు వారి మలంలో దీన్ని కనుగొన్నాడు. చెప్పులు లేకుండా తడి నేలపై నడిచే వారి చర్మం గుండా పిల్లపురుగులు లోపలికి పోతాయి. పురుగులు శరీరంలో సంఖ్యలో పెరగవన్న సూత్రానికి ఇది పెద్ద మినహాయింపు. గుడ్లు పేగులోనే పొదిగి, పిల్లపురుగుల్లో కొన్ని బయటపడక ముందే పేగు గోడను తొలుచుకుని అదే మనిషిలో కొత్త తరాన్ని మొదలుపెడతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా-థాయిలాండ్ రైలుమార్గంపై చాకిరీ చేసిన బందీల్లో కొందరికి నాలుగు దశాబ్దాల తరువాత కూడా ఈ పురుగు బయటపడింది. అంతకాలం అణగి ఉన్న వ్యాధి ఆస్తమాకో కీళ్లవాతానికో స్టెరాయిడ్ మందులు మొదలుపెట్టగానే విజృంభించి, లక్షలాది పిల్లపురుగులు ఊపిరితిత్తులకూ మెదడుకూ పాకి, తమతోపాటు పేగు బ్యాక్టీరియాను రక్తంలోకి మోసి ప్రాణం తీయవచ్చు. 2020 తరువాత కోవిడ్ రోగులకు డెక్సామెథసోన్ విరివిగా వాడినప్పుడు ఈ ప్రమాదం మళ్లీ చర్చకు వచ్చింది. కూలి పని, వ్యవసాయం చేసేవారికి దీర్ఘకాలం స్టెరాయిడ్లు రాసేముందు ఈ పురుగును దృష్టిలో పెట్టుకోవడం వైద్యుడి కనీస బాధ్యత.

2015 నుంచి భారత ప్రభుత్వం ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో పాఠశాలల్లోనూ అంగన్‌వాడీల్లోనూ 1 నుంచి 19 ఏళ్ల వయసువారికి ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నది. ఏలికపాములపై అది బాగా పనిచేస్తుంది. కొరడాపురుగుపై ఒక్క మోతాదు బలహీనం, స్ట్రాంజిలాయిడిస్‌పై ఇంకా బలహీనం, క్రిప్టోస్పోరిడియంపైనా అమీబాపైనా ఆ మాత్ర ప్రభావం లేదనే చెప్పాలి. నులిపురుగుల మాత్ర వేయించాం గనుక పిల్లవాడి విరేచనాలకు పరాన్నజీవులు కారణం కావన్న ధీమా అందువల్ల నిలవదు.

మలపరీక్ష

మలాన్ని ఉప్పునీటి చుక్కలో కలిపి ఒకటి, అయోడిన్ చుక్కలో కలిపి మరొకటి స్లైడు తయారు చేసి సూక్ష్మదర్శిని కింద చూడటం అతి పాత పద్ధతి, ఇప్పటికీ అతి చౌక పద్ధతి. మొదటి స్లైడులో కదలిక, రెండోదానిలో కేంద్రకాలు తెలుస్తాయి. దీని ఫలితం పూర్తిగా రెండు విషయాలపై ఆధారపడుతుంది, నమూనా తాజాదనం మీద, చూసే మనిషి నైపుణ్యం మీద. నీళ్ల విరేచనంలోని చలన దశ జీవులు అరగంట దాటితే చితికిపోయి ఆనవాలు పట్టడానికి రాకుండా పోతాయి; ఉదయం ఇంట్లో పట్టిన నమూనా మధ్యాహ్నం సూక్ష్మదర్శిని కిందికి చేరే ఏర్పాటులో అమీబాను కనుగొనే ఆశ పెట్టుకోనక్కర్లేదు. నమూనాలో మూత్రం కలవకూడదు, యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే నమూనా తీయాలి. జియార్డియా వంటివి ప్రతిరోజూ ఒకే విధంగా బయటపడవు కాబట్టి వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు చూడటం శాస్త్రీయం, ఆచరణలో మాత్రం ఒక్కటి చూసి ఊరుకుంటున్నారు. ఫార్మలిన్, ఈథర్ కలిపి యంత్రంలో గిరగిర తిప్పి గుడ్లనూ కోశాలనూ అడుగుకు చేర్చే సాంద్రీకరణ పద్ధతి ఫలితాన్ని ఎంతో మెరుగుపరుస్తుంది.

క్రిప్టోస్పోరిడియం, సైక్లోస్పోరా, సిస్టోఐసోస్పోరాలను పట్టుకోవడానికి క్షయ క్రిములకు వాడే రంగు పద్ధతినే కాస్త మార్చి వాడతారు. నీలం లేదా ఆకుపచ్చ నేపథ్యంలో అండకోశాలు ఎర్రగా మెరుస్తాయి. కఫపరీక్ష జరిగే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇంచుమించు ఈ రంగులే ఉంటాయి, ఖర్చు కూడా స్వల్పమే. అయినా వైద్యుడు ప్రత్యేకంగా రాస్తే తప్ప ఈ పరీక్ష చేయరు. పరికరాల కొరత వల్ల కాదు, అడిగేవారు లేక ఈ జీవులు కంటపడటం లేదు. మైక్రోస్పోరిడియాకు వేరే రంగు పద్ధతి, స్ట్రాంజిలాయిడిస్‌కు అగర్ పళ్లెంపై మలాన్ని పెట్టి పాకే పిల్లపురుగుల జాడలు చూసే పద్ధతి ఉన్నాయి. ఒకేసారి అనేక వ్యాధికారకాలను గుర్తించే జన్యుపరీక్షలు పెద్ద నగరాల ఆసుపత్రుల్లో దొరుకుతున్నాయి. అవి జాతులను నిక్కచ్చిగా చెబుతాయి గానీ, పేగులో ఉన్న జీవి విరేచనాలకు కారణమా లేక ఊరికే ఉన్నదా అన్న ప్రశ్నకు అవి కూడా జవాబు చెప్పలేవు, పైగా ఒకే నమూనాలో మూడు నాలుగు పేర్లు చూపి ఆ ప్రశ్నను మరింత కష్టం చేస్తాయి. అప్పుడు ఆధారపడవలసింది రోగి వయసు, విరేచనాల కాలం, రక్తం ఉండటం లేకపోవడం, నిరోధక శక్తి స్థితి అనే వివరాల మీద.

చికిత్స

కారణం ఏదైనా మొదటి చికిత్స పోయిన నీటినీ లవణాలనూ తిరిగి ఇవ్వడమే. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్న ఓఆర్ఎస్‌లో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్ ఉంటాయి. పిల్లలకు దానితోపాటు 10 నుంచి 14 రోజులు జింక్ ఇవ్వాలి, ఆరు నెలల లోపు వారికి రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆ పైవారికి 20 మిల్లీగ్రాములు. తల్లిపాలు, అన్నం ఆపకూడదు. విరేచనాలు అవుతుంటే పస్తు పెట్టాలన్న పాత నమ్మకం బలహీనమైన పిల్లలకు ప్రాణాంతకం.

రక్త విరేచనాలతో వచ్చిన పిల్లలకు మొదట షిగెల్లాకు మందు వాడాలనీ, ఎర్రకణాలను మింగిన అమీబా కనిపించినప్పుడో షిగెల్లా మందులు విఫలమైనప్పుడో మాత్రమే అమీబా చికిత్సకు వెళ్లాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం చెబుతుంది. నీళ్ల విరేచనాలకు మందుల దుకాణంలో చేతికందే ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్ర ఈ మార్గదర్శకంలో ఎక్కడా లేదు. అది వైరస్ మీద పనిచేయదు, క్రిప్టోస్పోరిడియం మీద పనిచేయదు, బ్యాక్టీరియాకు మాత్రం మందును ఎదిరించే శక్తిని నేర్పుతుంది. నిర్ధారణ అయిన అమీబా వ్యాధికి మెట్రొనిడజోల్ లేదా టినిడజోల్ ఇచ్చిన తరువాత, పేగు నాళంలో మిగిలిన కోశాలను తొలగించడానికి పారోమోమైసిన్ గానీ డైలాక్సనైడ్ ఫ్యూరోయేట్ గానీ ఇవ్వాలి; ఈ రెండో అంచెను విస్మరించిన చోట వ్యాధి తిరగబెడుతుంది. జియార్డియాకు టినిడజోల్ ఒక్క మోతాదు తరచుగా చాలుతుంది. సైక్లోస్పోరా, సిస్టోఐసోస్పోరాలు కోట్రైమోక్సజోల్‌కు చక్కగా లొంగుతాయి, హెచ్ఐవీ రోగులకు ఇతర వ్యాధుల నివారణకని ఇచ్చే ఆ మందే వీటినీ అడ్డుకుంటుంది. స్ట్రాంజిలాయిడిస్‌కు ఐవర్‌మెక్టిన్ మొదటి ఎంపిక.

క్రిప్టోస్పోరిడియం విషయంలో ఇంత ధైర్యంగా చెప్పగల మందు లేదు. నైటజోక్సనైడ్ నిరోధక శక్తి బాగున్నవారిలో వ్యాధి కాలాన్ని తగ్గిస్తుంది, అది ఎక్కువ అవసరమైన ఎయిడ్స్ రోగుల్లోనూ పోషకాహార లోపం ఉన్న పసివాళ్లలోనూ అంత నమ్మదగింది కాదు. హెచ్ఐవీ రోగుల్లో ఆ వైరస్‌ను అణచే ఏఆర్‌టీ మందులతో సీడీ4 కణాలు పుంజుకోవడమే దీనికి అసలైన చికిత్స. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఉచితంగా ఆ మందులు ఇవ్వడం మొదలుపెట్టిన తరువాత, దేశంలోనే అత్యధిక సంఖ్యలో హెచ్ఐవీ బాధితులున్న రాష్ట్రాల్లో ఒకటైన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎందరో ఈ విరేచనాల నుంచి బయటపడటానికి కారణం కొత్త పరాన్నజీవి మందు కాదు, ఏఆర్‌టీయే.

నివారణ

తెలంగాణలో మిషన్ భగీరథ, దేశవ్యాప్తంగా జల్ జీవన్ మిషన్ వంటి పథకాలు ఇంటింటికీ శుద్ధి చేసిన నీటిని చేర్చే లక్ష్యంతో సాగుతున్నాయి. క్లోరిన్ కలరా క్రిమినీ టైఫాయిడ్ క్రిమినీ చంపుతుంది; జియార్డియా, అమీబా కోశాలు దానికి కొంత తట్టుకుంటాయి, క్రిప్టోస్పోరిడియం పూర్తిగా తట్టుకుంటుంది. కాబట్టి పరాన్నజీవుల దృష్టితో చూసినప్పుడు నీటిశుద్ధి కేంద్రంలో ఇసుక వడపోత సరిగా పనిచేయడం, మురుగు కాలువల పక్కన పగిలిన పైపులను వెంటనే బాగుచేయడం క్లోరిన్ కన్నా ముఖ్యమైన పనులు. ఇంట్లో పసిపిల్లలు గానీ, అవయవ మార్పిడి జరిగినవారు గానీ, హెచ్ఐవీ, క్యాన్సర్ చికిత్సల్లో ఉన్నవారు గానీ ఉంటే వారు తాగే నీటిని తెర్లే వరకు మరిగించి ఆ తరువాత మరో నిమిషం పొయ్యి మీద ఉంచాలి. చేతులకు రాసుకునే ఆల్కహాల్ ద్రవం క్రిప్టోస్పోరిడియాన్ని చంపదు, సబ్బుతో నీటి కింద రుద్ది కడుక్కోవడమే మార్గం. ఈ వ్యాధి తగ్గినవారు విరేచనాలు ఆగిన తరువాత కూడా రెండు వారాల పాటు ఈతకొలనులోకి దిగకూడదు, ఎందుకంటే అన్నాళ్లూ వారి మలంలో అండకోశాలు వెలువడుతూనే ఉండవచ్చు. రెండు వారాలు దాటినా విరేచనాలు ఆగని రోగికి మందు మార్చి చూసేముందు, ఎన్ని రోజులుగా విరేచనాలవుతున్నాయో పరీక్ష పత్రం మీద రాసి, అండకోశాలకు రంగు పరీక్ష కూడా చేయమని వైద్యులు ప్రయోగశాలను కోరాలి.